మిద్దె మీద రిసీవరా, నెలనెలా చందానా: విమానాలు ట్రాక్ చేసేవాళ్లకు ఏది మేలు

మా పెద్దమ్మ కొడుకు దోహా మీదుగా డల్లాస్ వెళ్తున్న రోజు అది. దీపాలు పెట్టే వేళకు పెద్దమ్మ ఫోన్ చేసింది. "నాన్నా, పొద్దుటి నుంచీ ఫోన్‌లో చూస్తూనే ఉన్నానురా. సముద్రం మీదికి వెళ్లాక విమానం కనపడట్లేదు. డబ్బు కడితే కనపడుతుందేమోనని కట్టాను. అయినా లేదు" అంది. గొంతులో వణుకు తెలుస్తోంది. వాడి విమానానికి ఏమీ కాలేదు. ఆ యాప్ ఏం చూపించగలదో, ఏం చూపించలేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే. ఆ సాయంత్రం ఆమెకు ఫోన్‌లో చెప్పినవీ, తర్వాత నన్ను అడిగిన నలుగురైదుగురికి చెప్పినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట అర్థమైతే మిగతా ఎంపిక సగం తేలికవుతుంది. విమానాలను మ్యాప్ మీద చూపే ఈ సైట్లు, యాప్‌లు విమానాన్ని వెతికి పట్టుకోవడం లేదు. విమానమే తన జీపీఎస్ చెప్పిన స్థానం, ఎత్తు, వేగం, గుర్తింపు సంఖ్య కలిపి 1090 మెగాహెర్ట్జ్ మీద పదేపదే చెబుతూ పోతుంది. దీన్నే ఏడీఎస్-బీ అంటారు. ఆ మాటను కింద ఎవరి రిసీవరో వినాలి. వినేవాళ్లలో ఎక్కువమంది నాలాగా ఇంటి మీద చిన్న యాంటెన్నా పెట్టుకున్నవాళ్లే. అట్లాంటిక్ మధ్యలో మిద్దెలు లేవు కదా. అక్కడ మ్యాప్‌లో కనిపించేది చాలావరకు అంచనా. ఆ అంచనా గడువు దాటితే బొమ్మ మాయమవుతుంది. ఇరిడియం ఉపగ్రహాల మీద ఏరియాన్ అనే సంస్థ రిసీవర్లు పెట్టింది. సముద్రాల మీద వినేవాటిలో ముఖ్యమైనవి అవి. కానీ ఆ డేటా ఖరీదైనది, ప్రధానంగా విమానయాన సంస్థలకూ ట్రాఫిక్ కంట్రోల్‌కూ వెళ్తుంది. మామూలు వ్యక్తిగత ప్లాన్ కొన్నంత మాత్రాన అది మన ఫోన్‌లోకి వస్తుందని అనుకోకండి.

అందుకే, పిల్లల ప్రయాణం కోసం మాత్రమే చూసేవాళ్లకు నా సలహా ఒకటే. ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. ఉచిత ఖాతా చాలు. సముద్రం మీద బొమ్మ ఆగినా, మాయమైనా టెన్షన్ పడొద్దు. గల్ఫ్ చుట్టుపక్కల గానీ, పాకిస్తాన్ సరిహద్దు వైపు గానీ విమానం ఉన్నట్టుండి పక్కకు గెంతినట్టు కనిపించినా భయపడొద్దు. 2023 తర్వాత ఆ ప్రాంతాల్లో జీపీఎస్ సిగ్నల్‌కు ఆటంకాలు బాగా పెరిగాయి. విమానం తన జీపీఎస్ చెప్పిన చోటునే ప్రసారం చేస్తుంది కాబట్టి, జీపీఎస్ తప్పితే మ్యాప్ కూడా తప్పుతుంది. పైలట్లకు దారి తెలుసుకోవడానికి వేరే పరికరాలు ఉంటాయి. ఎప్పుడు దిగుతుందో తెలియాలంటే ఎయిర్‌లైన్ సైట్‌లో పీఎన్ఆర్ కొట్టి చూడటమే నమ్మకం.

ఇక ఇది ఒక రాత్రి అవసరం కాదు, ఇష్టం అనేవాళ్ల సంగతి.

డబ్బు కడితే ఏం వస్తుంది

అందరికీ మొదట తెలిసేది ఫ్లైట్‌రాడార్24. 2006లో ఇద్దరు స్వీడన్ విమాన ప్రియులు దీన్ని మొదలుపెట్టారు. అప్పట్లో అది టికెట్ ధరలు పోల్చే వ్యాపారానికి ఒక ఆకర్షణ మాత్రమే. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతం బూడిదకు యూరప్ ఆకాశం ఖాళీ అయినప్పుడు ప్రపంచమంతా ఆ మ్యాప్ చూసింది. అక్కడి నుంచి దాని దశ తిరిగింది.

దానిలో ఉచితం కాక మూడు మెట్లు ఉన్నాయి: సిల్వర్, గోల్డ్, బిజినెస్. అమెరికా ధరల్లో చాలాకాలం సిల్వర్ ఏడాదికి 10 డాలర్లు, గోల్డ్ 35 డాలర్లు, బిజినెస్ 500 డాలర్లుగా నడిచాయి. అంటే మన లెక్కన వెయ్యి లోపు ఒకటి, మూడు వేల చిల్లర ఇంకొకటి, నలభై వేలు దాటేది మరొకటి. మన యాప్ స్టోర్‌లో రూపాయల్లో కనిపించే అంకె వేరుగా ఉండొచ్చు కాబట్టి, కట్టేముందు వెబ్‌సైట్‌లోనూ యాప్‌లోనూ రెండుచోట్లా చూసుకోండి. డాలర్లలో కడితే కార్డు బ్యాంకు విదేశీ మారకం చార్జీ వేస్తుంది, దాని మీద జీఎస్టీ కూడా పడుతుంది.

ఈ మెట్ల మధ్య అసలు తేడా పాత రికార్డులు ఎంత వెనక్కి చూడొచ్చన్నదే. ఉచితంలో వారం రోజులు, సిల్వర్‌లో 90 రోజులు, గోల్డ్‌లో ఏడాది, బిజినెస్‌లో మూడేళ్లు. సిల్వర్‌కు ప్రకటనలు పోతాయి, విమానం వయసు, సీరియల్ నంబర్ లాంటి వివరాలు కనిపిస్తాయి. గోల్డ్‌లో వాతావరణ పొరలు, గగనతల సరిహద్దులు వస్తాయి. బిజినెస్ పేరుకు తగ్గట్టే వ్యాపారంగా వాడుకునేవాళ్లది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. డబ్బు కట్టి కొనదగ్గది సిల్వర్ ఒక్కటే. శంషాబాద్‌లో దిగిన ఒక కొత్త విమానం ఏ కంపెనీ నుంచి వచ్చింది, ఎన్నేళ్లది, నిన్న ఎక్కడ తిరిగింది అని కుతూహలపడేవాళ్లకు 90 రోజులు సరిపోతాయి. గోల్డ్ తీసుకునేది రుతుపవనాల కాలంలో మేఘాల పొర పెట్టుకుని, విమానాలు తుపాను చుట్టూ ఎలా తిరిగి వెళ్తున్నాయో చూసే అలవాటున్నవాళ్లు. నేను రెండేళ్లు గోల్డ్ కట్టాను. వాతావరణం పొర తెరిచింది జూన్ నుంచి నవంబర్ దాకే. మిగతా నెలలు దానికి పని లేదు. అందుకే ఏడాది ప్లాన్ కాకుండా తుపాన్ల నెలల్లో మాత్రం నెలవారీ తీసుకోవడం మేలని తర్వాత అర్థమైంది. బిజినెస్ మాత్రం సొంత డబ్బుతో కొనొద్దు. అది రిసీవర్ పెట్టినవాళ్లకు ఉచితంగా వస్తుంది, దాని గురించి కింద చెబుతాను.

ఫ్లైట్‌అవేర్ది వేరే స్వభావం. హ్యూస్టన్‌లో 2005లో పుట్టింది, 2021లో కాలిన్స్ ఏరోస్పేస్ చేతికి వెళ్లింది. మ్యాప్ అందం కంటే ఒక విమానం పూర్తి ప్రయాణ రికార్డు, ఆలస్యాల హెచ్చరికలు, అమెరికాలోని చిన్న విమానాల వివరాలు ఇందులో బాగుంటాయి. వీళ్లు అమ్మే ఎంటర్‌ప్రైజ్ ఖాతా విలువ నెలకు 89.95 డాలర్లు అని వాళ్లే చెబుతారు. అంత డబ్బు అభిరుచి కోసం పెట్టాల్సింది కాదు. ఇది కూడా డేటా పంపేవాళ్లకు ఉచితమే. ఎయిర్‌నావ్ రాడార్‌ది కూడా ఇదే పద్ధతి. మొన్నటి దాకా రాడార్‌బాక్స్ అని పిలిచింది దీన్నే.

ఆటో పే గురించి ఒక జాగ్రత్త. ట్రయల్ నొక్కినప్పుడే కార్డుకో యూపీఐకో ఆటో పే అనుమతి వెళ్లిపోతుంది. రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం డబ్బు తీసే 24 గంటల ముందు మెసేజ్ రావాలి. 15,000 రూపాయల లోపు అయితే మళ్లీ ఓటీపీ అడగదు. ఆ మెసేజ్ ఎక్కువగా మిగతా వాటిలో కలిసిపోతుంది. మా పెద్దమ్మకు మరుసటి నెల కూడా డబ్బు కట్ అయింది. యాప్ తీసేస్తే సరిపోతుందనుకుంది, సబ్‌స్క్రిప్షన్ విడిగా రద్దు చేయాలని తెలియదు. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఒకసారి సబ్‌స్క్రిప్షన్ల జాబితా తెరిచి చూడండి.

రిసీవర్ పెడితే ఏం వస్తుంది, ఎంత పోతుంది

2012 ప్రాంతంలో ఒక విషయం బయటపడింది. టీవీ చూడటానికి అమ్మే ఆర్‌టీఎల్2832యూ చిప్ ఉన్న చవక యూఎస్‌బీ డాంగిల్‌తో టీవీ ఒక్కటే కాదు, చాలా రకాల రేడియో సిగ్నళ్లు వినొచ్చు. రెడిస్ డేటాబేస్ రాసిన సాల్వటోర్ శాన్‌ఫిలిప్పో ఆ రోజుల్లోనే డంప్1090 అనే ప్రోగ్రామ్ రాసి అందరికీ ఇచ్చారు. ఈరోజు ఇళ్ల మీద నడిచే రిసీవర్లలో చాలావాటికి మూలం ఆ ప్రోగ్రామే. వేలకు వేలు పోసి కొనే పెట్టెల పని ఒక డాంగిల్, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ కలిసి చేసేస్తున్నాయి.

నాకైన ఖర్చు చెబుతాను. మంచి రకం డాంగిల్ నాలుగు వేల పైచిలుకు. పాత రాస్ప్‌బెర్రీ పై ఒకటి స్నేహితుడి దగ్గర మూడు వేలకు దొరికింది. పవర్ అడాప్టర్, మెమరీ కార్డు, యాంటెన్నా, పది మీటర్ల కేబుల్, పీవీసీ పైపు, క్లాంపులు కలిపి ఇంకో మూడు వేలు. మొత్తం పది వేలు దాటింది. కరెంటు లెక్క తేలికే: నాలుగు వాట్లు ఇరవైనాలుగు గంటలూ తీసుకుంటే నెలకు సుమారు మూడు యూనిట్లు.

ఈ పది వేలకు బదులుగా ఫ్లైట్‌రాడార్24 బిజినెస్, ఫ్లైట్‌అవేర్ ఎంటర్‌ప్రైజ్, ఎయిర్‌నావ్ బిజినెస్ మూడూ వస్తాయి. ఒకే రిసీవర్ నుంచి అన్నింటికీ ఒకేసారి పంపొచ్చు, ఒకరికి పంపితే ఇంకొకరికి పంపకూడదన్న నియమం లేదు. ఏడాదికి వెయ్యి డాలర్ల పైన విలువైన ఖాతాలు ఉచితం అని చాలామంది ఈ లెక్క దగ్గరే మనసు పారేసుకుంటారు. నేను ఇక్కడే ఆగమంటాను. మీరు ఎన్నడూ కొనని వస్తువు ధరను లాభంగా వేసుకోకూడదు. నిజంగా మీకు కావాల్సింది సిల్వర్ అయితే, ఈ పది వేలు పదేళ్ల సిల్వర్‌తో సమానం. డబ్బు ఆదా కోసం రిసీవర్ పెట్టేవాళ్లు ఆరు నెలలకు దాన్ని అటక మీద పడేస్తారు. డేటా ఆగితే ఉచిత ఖాతా కూడా పోతుంది.

మరి ఎవరు పెట్టాలి? తన ఇంటి మీద ఆకాశాన్ని తన చెవితో వినాలనుకునేవాళ్లు. మొదటి రోజు రాత్రి నా ల్యాప్‌టాప్ తెర మీద నాందేడ్ వైపు నుంచి వస్తున్న విమానం ఒకటి కనిపించింది. ఇంటర్‌నెట్ ఆపేసి మళ్లీ చూశాను. విమానం అలాగే కదులుతోంది. ఎవరి సర్వరూ లేదు, చందా లేదు, ఆ విమానానికీ నా మిద్దెకూ మధ్య గాలి తప్ప ఏమీ లేదు. ఆ అనుభవం ఏ ప్లాన్‌లోనూ దొరకదు. అది మీకు ముఖ్యం అనిపిస్తే పది వేలు దండగ కాదు.

ఎంత దూరం వినపడుతుందన్నది యాంటెన్నా ధర కంటే దాని ఎత్తు మీద ఆధారపడుతుంది. ఈ సిగ్నల్ చూపు ఆనినంత దూరమే వస్తుంది. 35,000 అడుగుల ఎత్తున ఉన్న విమానానికి భూమి వంపు లెక్కన గరిష్ఠంగా 420 కిలోమీటర్లు. వెయ్యి అడుగుల్లో దిగుతున్నదానికి 70 కిలోమీటర్లే. అది కూడా మధ్యలో ఏ అడ్డూ లేకపోతేనే. మాది రాజేంద్రనగర్. పైనెగిరే విమానాలు విజయవాడ, కర్నూలు దాకా దొరుకుతాయి. కానీ కూతవేటు దూరంలోని శంషాబాద్‌లో రన్‌వే ముట్టుకునే విమానం చివరి నిమిషంలో మాయమవుతుంది, ఎదురుగా లేచిన అపార్ట్‌మెంట్ వల్ల. గ్రౌండ్ ఫ్లోర్‌లో, కిటికీ పక్కన మాత్రమే యాంటెన్నా పెట్టగలిగేవాళ్లు ఈ ఖర్చుకు దిగకపోవడమే మంచిది. అపార్ట్‌మెంట్ అయితే టెర్రస్ మీద పైపు పాతడానికి అసోసియేషన్ ఒప్పుకోవాలి. డాంగిల్ కొనేముందే అడగండి.

ఊళ్లలో ఇంకో ఇబ్బంది సెల్ టవర్. 900 మెగాహెర్ట్జ్ సిగ్నల్ పక్కనే గట్టిగా అరుస్తుంటే డాంగిల్‌కు విమానం గొంతు వినిపించదు. అలాంటి చోట 1090 ఫిల్టర్, అంటే ఆ ఒక్క సిగ్నల్‌ను రానిచ్చి మిగతావాటిని ఆపేది, లోపలే ఉన్న డాంగిల్ తీసుకోవాలి. ఫ్లైట్‌అవేర్ ప్రో స్టిక్ ప్లస్ అలాంటిదే. టవర్ దూరంగా ఉన్న పల్లెల్లో మామూలుదే చాలు. యాంటెన్నాకు డబ్బు లేకపోతే ఏడు సెంటీమీటర్ల రాగి తీగతో సొంతంగా చేసుకోవచ్చు, ఆ పొడవు 1090 తరంగంలో నాలుగో వంతు. నేను మొదటి మూడు నెలలు దానితోనే నడిపాను. కేబుల్ పొడవు మాత్రం తగ్గించండి. పొడవాటి చవక కేబుల్‌లో సగం సిగ్నల్ దారిలోనే ఆరిపోతుంది.

మన దగ్గర రిసీవర్లు చచ్చేది ఎక్కువగా కరెంటు కోతకు. ఉన్నట్టుండి కరెంటు పోయినప్పుడు మెమరీ కార్డు పాడవుతుంది. నాకు ఒక్క మే నెలలో రెండు కార్డులు పోయాయి. రౌటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ ఒకటి రాస్ప్‌బెర్రీ పైకి కూడా కలిపాక ఆ బాధ తీరింది. రెండోది పిడుగు. మిద్దె మీద ఎత్తైన ఇనుప గొట్టం పెడితే ఎర్తింగ్ చేయించాల్సిందే. ఉరుములు మొదలైతే కేబుల్ ఊడదీయండి. డేటా ఒక గంట ఆగినా ఖాతా పోదు.

ఎవరికి పంపాలి

మీ రిసీవర్ విన్నది ఎవరి చేతికి వెళ్లాలో మీరే నిర్ణయించుకోవాలి. చాలామంది ఖాతా ఎవరిస్తారో చూసి అంతటితో ఆగుతారు. ఏడీఎస్‌బీ ఎక్స్ఛేంజ్ కథ వినండి. 2016లో మొదలైన ఆ సైట్ ఏ విమానాన్నీ దాచకుండా చూపేది. ఫ్లైట్‌అవేర్, ఫ్లైట్‌రాడార్24 యజమాని కోరితే కొన్ని ప్రైవేటు విమానాలను మ్యాప్ నుంచి తీసేస్తాయి, ఇది తీయదు. అందుకే ఎందరో అభిమానంతో డేటా ఇచ్చారు. 2023 జనవరిలో అది జెట్‌నెట్ అనే కంపెనీకి అమ్ముడుపోయింది. తాము ఉచితంగా ఇచ్చినదాన్ని అమ్ముకున్నారని చాలామంది నొచ్చుకున్నారు. ఏడీఎస్‌బీ డాట్ లాల్, ఎయిర్‌ప్లేన్స్ డాట్ లైవ్, ఏడీఎస్‌బీ డాట్ ఎఫ్ఐ లాంటి చోట్లకు డేటా మళ్లించారు. వీటిలో డాట్ లాల్ తన డేటాను బహిరంగ లైసెన్సు కింద అందరికీ ఇస్తుంది. నేను పెద్ద కంపెనీలకు పంపుతాను, ఈ సామూహిక సైట్లకూ పంపుతాను. ఒక్కటే ఎంచుకోవాలంటే రెండో రకాన్నే ఎంచుకుంటాను.

విద్యార్థులకైతే ఓపెన్‌స్కై నెట్‌వర్క్. స్విట్జర్లాండ్‌లో నమోదైన లాభాపేక్ష లేని సంస్థ, పరిశోధన కోసమే పుట్టింది. ప్రోగ్రామ్ రాసి డేటా తెచ్చుకోవడానికి రోజుకు లాగిన్ లేకుండా 400 క్రెడిట్లు, నమోదైతే 4,000, రిసీవర్ పెట్టి డేటా పంపితే 8,000 ఇస్తారు. ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుకు 4,000 ధారాళంగా సరిపోతాయి, కొనాల్సిన పనే లేదు. ప్రోగ్రామ్‌తో డేటా తెచ్చుకోవడానికి ఫ్లైట్‌అవేర్ ఇచ్చే ఏరోఏపీఐ సేవలో కూడా వ్యక్తిగత వాడకానికి నెలకు 5 డాలర్ల విలువ దాకా ఉచితం, డేటా పంపేవాళ్లకు 10 డాలర్లు. దానిలో టైమ్‌టేబుల్, ఆలస్యాల వివరాలు కూడా ఉంటాయి కాబట్టి ప్రాజెక్టు అటువైపు అయితే అదే తీసుకోండి.

ఖాతా తెరిచేటప్పుడు రెండు పొరపాట్లు జరుగుతాయి. రిసీవర్‌ను ఒక ఈమెయిల్‌తో నమోదు చేసి, యాప్‌లో ఇంకో ఈమెయిల్‌తో లాగిన్ అవుతారు, ఉచిత ప్లాన్ రాలేదని కంగారుపడతారు. రెండూ ఒకటే ఉండాలి. ఇంకోటి, ఇంటి స్థానం. ఏడీఎస్-బీ లేని విమానాన్ని నాలుగు రిసీవర్లు కలిసి, సిగ్నల్ చేరిన సమయాల తేడాతో గుర్తించే పద్ధతి ఉంది, ఎమ్‌లాట్ అంటారు. దానికి మీ యాంటెన్నా ఎక్కడుందో కచ్చితంగా ఇవ్వాలి. కానీ బయటి మ్యాప్‌లో ఆ చోటు కొంచెం పక్కకు జరిపి చూపే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని తప్పకుండా పెట్టుకోండి. చుట్టుపక్కల మరో మూడు రిసీవర్లు లేని ఊళ్లో ఎమ్‌లాట్ ఎలాగూ పనిచేయదు.

చట్టం సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మన దేశంలో 1933 నాటి వైర్‌లెస్ చట్టం సిగ్నల్ స్వీకరించే పరికరానికి కూడా లైసెన్సు అడిగేది. 2010 ఫిబ్రవరిలో ఢిల్లీ విమానాశ్రయం దగ్గరి హోటల్లో రేడియో పరికరాలతో విమానాలను గమనిస్తున్న ఇద్దరు బ్రిటిష్ అభిమానులను పోలీసులు పట్టుకున్నారు, కేసు నడిచి జరిమానా కట్టాకే వాళ్లు ఇంటికి వెళ్లగలిగారు. పైలట్ల మాటలు వినే ఎయిర్‌బ్యాండ్ రేడియో జోలికి అసలు పోవద్దు. ఏడీఎస్-బీ రిసీవర్ పెట్టేముందు టెలికాం శాఖ వైర్‌లెస్ విభాగం నియమాలు చదవండి. దుండిగల్, హకీంపేట, విశాఖ నేవీ స్థావరం లాంటి రక్షణ ప్రాంతాల పక్కన ఇల్లు ఉంటే నేనైతే రిసీవర్ వద్దంటాను, చందాతోనే సరిపెట్టుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు లెక్క వేరు. అక్కడ డాంగిల్ 30, 40 డాలర్లకు దొరుకుతుంది, ఇంటి అటకలో యాంటెన్నా పెట్టినా చెక్క కప్పులోంచి సిగ్నల్ బాగానే వస్తుంది. 18,000 అడుగుల కింద ఎగిరే చిన్న విమానాలు కొన్ని అక్కడ 978 మెగాహెర్ట్జ్ వాడతాయి. శిక్షణ విమానాలు కూడా చూడాలనుకుంటే రెండో డాంగిల్ కావాలి. డల్లాస్ లాంటి చోట ఇప్పటికే వందల రిసీవర్లు ఉన్నాయి కాబట్టి మీ డేటా కొత్తగా చేర్చేది తక్కువ. తక్కువ రిసీవర్లున్న మన జిల్లాల్లో ఒక్క మిద్దె చాలా ఎక్కువ తేడా తెస్తుంది. అలాంటి చోటు నుంచి అడిగితే ఫ్లైట్‌రాడార్24, ఫ్లైట్‌అవేర్ రిసీవర్‌ను ఉచితంగా పంపే పద్ధతి కూడా ఉంది. కొనేముందు వాళ్ల సైట్‌లో దరఖాస్తు పెట్టి చూడండి.

అయినా ఒకేసారి అన్నీ కొనొద్దు. ముందు డాంగిల్ ఒక్కటే తెప్పించుకోండి. దానితో వచ్చే చిన్న యాంటెన్నాను మిద్దె మీద ఇనుప డబ్బా మూత పైన నిలబెట్టి, ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్‌కే కలిపి, ఓ వారం సాయంత్రాలు చూడండి. ఎనిమిదో రోజు కూడా మిద్దె మీదికి వెళ్లాలనిపిస్తే రాస్ప్‌బెర్రీ పై కొనండి. అనిపించకపోతే డాంగిల్ ఎవరికైనా అమ్మేసి సిల్వర్ తీసుకోండి.